బడికి రాని పిల్లల కోసం క్లాసు వెబ్‌సైట్: వాట్సాప్ సరిపోతుందా, బ్లాగర్ కావాలా, గూగుల్ సైట్సా?

సంక్రాంతి సెలవులు అయ్యాక నెల్లూరు, ప్రకాశం వైపు మెట్ట మండలాల హైస్కూళ్లలో అటెండెన్స్ రిజిస్టరు తిప్పి చూస్తే ఆబ్సెంట్లు ఒక్కసారిగా పెరిగి కనిపిస్తాయి. కొండపి, కందుకూరు, కలిగిరి వైపు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు) కాలుతుంటాయి. ఆకు అల్లడానికీ, గ్రేడింగుకూ ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ కావాలి. కనిగిరి, ఉదయగిరి వైపు కొన్ని కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు దిక్కుగా వెళ్తాయి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని. కోవూరు, ఇందుకూరుపేట లాంటి పల్లపు మండలాల్లో నవంబరు, డిసెంబరు వచ్చాయంటే వానలు, వాటి వెనకే జ్వరాలు. నెల్లూరు టౌనులో మొహర్రం నెలలో రొట్టెల పండగకు చుట్టాలు దిగితే కొందరిళ్లలో బడి గుర్తుకే రాదు. ఇక పెళ్లిళ్లు, ఆసుపత్రులు, పెద్దమనిషి అయిన ఆడపిల్లలు ఏడాది పొడవునా ఉండేవే.

వీళ్లకోసం టీచర్లంతా కలిసి ఒక క్లాసు వెబ్‌సైట్ నడుపుదామన్న ఆలోచన ఇప్పుడు చాలా స్టాఫ్ రూముల్లో వినిపిస్తోంది. మంచి ఆలోచనే. ఏది ఎంచుకోవాలన్న దగ్గరే తికమక.

ముందు ఒకటి తేల్చుకోవాలి. బడికి రానివాళ్లంతా ఒకే రకం కాదు. నాలుగు రోజుల జ్వరం తగ్గి వచ్చే పిల్లకు ఆ నాలుగు రోజుల నోట్సు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఒక మాట ఉంటే చాలు. నెల రోజులు వలసలో ఉండే పిల్లవాడికి నోట్సు పంపితే సరిపోదు. ఏది వదిలేసినా ఫరవాలేదో, ఏది వదిలితే తర్వాతి పాఠం అర్థం కాదో వాడికి చెప్పాలి. ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లకు తీరిక ఉంటుంది, అమ్మ ఫోను కూడా దొరకవచ్చు. బ్యారన్ దగ్గర ఉన్న పిల్లవాడికి ఆ రెండూ ఉండవు. వెబ్‌సైట్ జ్వరం పిల్లకు బాగా పనికొస్తుంది, వలస పిల్లవాడికి సగం పనికొస్తుంది, బ్యారన్ పిల్లవాడికి దాదాపు పనికిరాదు. ఇది ముందే ఒప్పుకుంటే వెబ్‌సైట్ మీద లేనిపోని ఆశలు పెట్టుకోం.

ఏ సాధనాన్నయినా నేను రెండు ప్రశ్నలతోనే చూస్తాను. రాత్రి ఏడున్నరకు నాన్న పని నుంచి వచ్చాక ఆయన ఫోనులో, ఊళ్లో ఉన్న సిగ్నల్ మీద, లాగిన్ అడగకుండా పేజీ తెరుచుకుంటుందా అన్నది మొదటిది. నాలుగో పీరియడ్ అయ్యాక సోషల్ టీచరు స్టాఫ్ రూములో కూర్చుని, తన ఫోనులోంచే ఐదు నిమిషాల్లో ఆ రోజు చెప్పింది రాసేయగలరా అన్నది రెండోది. కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గరుందో వెతకాల్సి వస్తే ఆ సైటు దసరా దాకా కూడా నడవదు. రంగులు, డిజైన్లు, క్విజ్‌లు అన్నీ ఈ రెండింటి తర్వాతే.

వాట్సాప్ గ్రూపు

ప్రతి క్లాసుకూ ఇది ఇప్పటికే ఉంది, తల్లిదండ్రులకు అలవాటైంది. కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. అందుకే "గ్రూపు ఉందిగా సార్, మళ్లీ వెబ్‌సైట్ ఎందుకు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

సోమవారం రాని పిల్ల గురువారం వచ్చి, సోమవారం సైన్సులో ఏం చెప్పారో గ్రూపులో వెతకాలనుకోండి. మధ్యలో మంగళవారం హోంవర్కు ఫోటోలు, యూనిఫాం కొలతల కబురు, పేరెంట్స్ మీటింగ్ నోటీసు, ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ పూలు, దానికి పాతిక దండాలు. ఆ పిల్ల వెతకదు. వాళ్ల నాన్న ఫోను నిండిపోయిందని చాట్ మొత్తం క్లియర్ చేసి ఉంటే వెతకడానికి అసలేమీ ఉండదు. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఆడపిల్లల తల్లులు గ్రూపులోంచి చప్పుడు లేకుండా వెళ్లిపోవడానికి ఇదీ ఒక కారణం. నంబర్లు కనపడకూడదంటే వాట్సాప్ ఛానల్ ఉంది, కానీ అందులో తల్లిదండ్రులు తిరిగి ప్రశ్న అడగలేరు.

అలాగని వాట్సాప్‌ను పక్కనపెట్టమని కాదు. తలుపు తట్టడానికి దాన్ని మించింది లేదు, సామాను దాచడానికే పనికిరాదు. పాఠం వేరేచోట పెట్టి, సాయంత్రం లింకు ఒక్కటి గ్రూపులో వెయ్యండి. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా సెట్టింగు మార్చుకుంటే ఆ లింకు పూల కింద పడిపోదు.

టెలిగ్రామ్ ఛానల్ దీనికంటే కాస్త నయం. తర్వాత చేరినవాళ్లకు కూడా పాత పోస్టులన్నీ కనిపిస్తాయి, హ్యాష్‌ట్యాగ్ నొక్కితే ఒక సబ్జెక్టు పోస్టులన్నీ వరసగా వస్తాయి, నంబరు దాచుకోవచ్చు. అయితే మన పల్లెల్లో తల్లిదండ్రుల ఫోన్లలో ఆ యాప్ ఉండటం తక్కువ. కొత్త యాప్ వేయించే ఓపిక మీకుంటే చూడండి. నాకు లేదు.

గూగుల్ క్లాస్‌రూమ్

గూగుల్ తెచ్చిన ఈ ఆన్‌లైన్ తరగతి సాధనం 2014లో వచ్చింది. 2017 నుంచి మామూలు జీమెయిల్ ఉన్నవాళ్లు కూడా క్లాసు తెరుచుకోవచ్చు. మామూలు అకౌంటుతో తెరిచిన క్లాసులో టీచర్లు 20 మందికి, మొత్తం సభ్యులు 250 మందికి మించకూడదు. మన బడులకు అది చాలినంత. ఇచ్చిన పని పిల్లలు తిరిగి పంపడం, మార్కులు వేయడం, గడువు గుర్తుచేయడం లాంటివి ఇది చేసినంత చక్కగా మరోటి చేయదు.

చిక్కంతా లాగిన్ దగ్గరే. ఫోనులో ఉండేది నాన్న అకౌంటు. అదే ఇంట్లో ఆరో తరగతి తమ్ముడు, తొమ్మిదో తరగతి అక్క ఉంటే ఇద్దరూ నాన్న పేరుతోనే క్లాసులో చేరతారు. హోంవర్కు ఎవరు పంపారో టీచరుకు తెలియదు. 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ అకౌంటు తెరవకూడదు, తల్లిదండ్రుల పర్యవేక్షణలోనే తెరవాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసులోపువాళ్లే. పాస్‌వర్డ్ మర్చిపోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. బడికి రాని పిల్ల నుంచి మనకు ముందుగా రావాల్సింది ఏమీ లేదు, ఆమెకే మన నుంచి వెళ్లాలి. క్లాస్‌రూమ్ బలమంతా పని తిరిగి తీసుకోవడంలో ఉంది. పిల్లలందరికీ బడే అకౌంట్లు ఇచ్చిన ప్రైవేటు స్కూలు అయితే, లేదా ట్యాబులు, ల్యాబు అందుబాటులో ఉన్న రెసిడెన్షియల్ స్కూలు అయితే కళ్లు మూసుకుని దీన్నే పెట్టుకోండి. జిల్లా పరిషత్ హైస్కూలుకు మాత్రం ఇది రెండో మెట్టు.

గూగుల్ సైట్స్

చూడటానికి అన్నింట్లోకీ ఇదే ముచ్చటగా ఉంటుంది. ఉచితం, ప్రకటనలు రావు, పది మంది టీచర్లను ఎడిటర్లుగా చేర్చుకోవచ్చు, చూసేవాళ్లకు లాగిన్ అక్కర్లేదు. తరగతికో పేజీ, సబ్జెక్టుకో విభాగం పెట్టి గంటలో సైటు నిలబెట్టవచ్చు. హెచ్‌ఎంకు చూపిస్తే వెంటనే నచ్చుతుంది.

నచ్చాక మొదలవుతుంది అసలు తంటా. ఈ సైటును ఫోనులో చూడగలం, మార్చాలంటే మాత్రం కంప్యూటరు కావాలి. మొదటి వారం కంప్యూటర్ తెలిసిన మాస్టారు అందరి పాఠాలూ ఎక్కిస్తారు. రెండో వారం "సార్, నాది కూడా కాస్త ఎక్కించరూ" అని మిగతావాళ్లు చీటీలు ఇస్తారు. నెల తిరిగేసరికి ఆ భారమంతా ఆయన ఒక్కడి మీదే పడుతుంది. ఆయన లీవు పెట్టిన రోజు సైటు కూడా లీవే.

దీనికొక ఉపాయం ఉంది. సైటును కంప్యూటరులో ఒక్కసారి కట్టేసి, ఒక్కో తరగతి పేజీలో ఒక గూగుల్ డాక్స్ ఫైలును అతికించండి. రోజూ రాసేది ఆ డాక్స్‌లో, ఎవరి ఫోనులోంచి వాళ్లు. అక్కడ రాసింది సైటులో దానంతట అదే కనిపిస్తుంది. కాకపోతే చిన్న ఫోను తెర మీద పేజీ లోపల ఇంకో పేజీ జరుపుకుంటూ చదవడం చికాకుగా ఉంటుంది. అతికించే బదులు డాక్స్‌కు లింకు మాత్రమే ఇస్తే ఆ చికాకు తగ్గుతుంది.

అంతదాకా వస్తే, సైటే లేకుండా డాక్స్ ఒక్కటే నడపవచ్చుగా? ఇద్దరు ముగ్గురు టీచర్లున్న ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలకు నేను చెప్పేది అదే. తరగతికి ఒక ఫైలు, పైన తేదీ, కింద సబ్జెక్టులు. కంప్యూటరులో ఒకసారి 'వెబ్‌లో ప్రచురించు' అన్నది నొక్కితే తేలికపాటి పేజీ ఒకటి తయారవుతుంది. ఆ తర్వాత ఫోనులో రాసిన మార్పులు కొద్ది నిమిషాల్లో అందులోకి వచ్చేస్తాయి. నెలకో కొత్త ఫైలు మొదలుపెట్టండి, లేకపోతే పేజీ కొండవీటి చేంతాడంత అవుతుంది. ఎవరి వేలో తగిలి వారం పాఠాలు చెరిగిపోయినా కంగారు పడక్కర్లేదు, వెర్షన్ హిస్టరీలోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

బ్లాగర్

ఇంటర్నెట్‌లో పోస్టులు రాసుకునే ఈ సాధనం 1999 నాటిది. 2003లో గూగుల్ కొనుక్కుంది. ఈ పేరు చెబితే కుర్ర టీచర్లు నవ్వుతారు. నవ్వినా సరే, ఐదారుగురు సబ్జెక్టు టీచర్లున్న హైస్కూలుకు నా ఓటు దీనికే.

దీని పాతదనమే మనకు లాభం. రోజుకో పోస్టు, కొత్తది పైన, పాతది కింద. తారీఖు దానంతట అదే పడుతుంది. పోస్టుకు '8వ తరగతి', 'గణితం' అని లేబుళ్లు పెడితే, '8వ తరగతి' నొక్కిన తండ్రికి ఆ తరగతి పోస్టులు మాత్రమే వస్తాయి. ఫోను బ్రౌజరులోనే రాసి, బ్లాక్‌బోర్డు ఫోటో జతచేసి, పబ్లిష్ నొక్కవచ్చు. చూసేవాళ్లకు లాగిన్ అక్కర్లేదు. సాదా థీమ్ ఎంచుకుంటే సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో కూడా తొందరగా తెరుచుకుంటుంది. ఆ రోజు పాఠానికే ప్రత్యేకంగా లింకు ఉంటుంది కాబట్టి జ్వరంతో ఉన్న పిల్ల అమ్మకు నేరుగా అదొక్కటి పంపవచ్చు.

కలిసి పనిచేసే విషయంలో ఒకటి తెలుసుకోవాలి. బ్లాగర్‌లో 'ఆథర్'గా చేర్చిన టీచరు తన పోస్టులను మాత్రమే మార్చగలరు, 'అడ్మిన్' అందరివీ మార్చగలరు. కాబట్టి ఆరుగురూ కలిసి ఒకే పోస్టులో రాద్దామంటే కుదరదు. ఎవరి పీరియడ్‌కు వాళ్లు చిన్న పోస్టు వేయడమే దీని పద్ధతి. నాకు ఇది లోపంగా కనిపించదు. ఒకరి రాత మీద ఇంకొకరు చెయ్యి వేయరు. ఎవరు రాశారు, ఎవరు రాయలేదన్న తగువూ రాదు, పోస్టు కిందే పేరుంటుంది. ఇద్దరిని అడ్మిన్లుగా, మిగతావాళ్లను ఆథర్లుగా పెట్టుకోండి.

అసౌకర్యం లేకపోలేదు. పీడీఎఫ్ ఫైలును నేరుగా బ్లాగర్‌లో ఎక్కించలేం. గూగుల్ డ్రైవులో పెట్టి లింకు ఇవ్వాలి. ఆ లింకు దగ్గరే అందరూ బోల్తా పడతారు. టీచరు ఫోనులో చక్కగా తెరుచుకుంటుంది, తండ్రి ఫోనులో 'యాక్సెస్ అడగండి' అని వస్తుంది. షేరింగ్‌లో 'లింక్ ఉన్న ఎవరైనా' అని మార్చి, లాగిన్ లేని ఫోనులో ఒకసారి తెరిచి చూశాకే గ్రూపులో వెయ్యండి.

వర్డ్‌ప్రెస్ అనే ఇంకో సైటు సాధనం సంగతి రెండు మాటల్లో. ఉచిత ప్లానులో ప్రకటనలు వస్తాయి, పిల్లల పేజీలో ఏ ప్రకటన వస్తుందో మన చేతిలో ఉండదు. డబ్బులు కట్టి సొంత డొమైన్ (సైటు చిరునామా) తీసుకుంటే ఏటా రెన్యువల్ ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు ఎవరు?

వీడియోలు మనమే తీయాలా

అక్కర్లేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. 2017లో మొదలైన దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోని పాఠాలకు అవి తీసుకెళ్తాయి. 'పాఠం మొదట్లో ఉన్న కోడ్ స్కాన్ చేసి వీడియో చూడు' అన్న ఒక్క వాక్యం మన అరగంట షూటింగ్ కంటే మేలు. వీడియో తీయాలనే ఉంటే యూట్యూబులో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి లింకు ఇవ్వండి, డ్రైవులో పెట్టకండి. సిగ్నల్‌ను బట్టి నాణ్యత తగ్గించుకుని ఆడేది యూట్యూబే.

ఆడియోను మాత్రం చాలామంది పట్టించుకోరు. తెలుగు పద్యం నోట్సులో చూసి నేర్చుకునేది కాదు. ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో టీచరు గొంతులో వినాలి. నిమిషం కూడా లేని రికార్డింగు ఒకటి జతచేస్తే ఆ పిల్ల తిరిగి వచ్చిన రోజు అందరితోపాటు పద్యం అప్పగిస్తుంది.

పోస్టులో ఏం రాయాలి

సాధనం ఏదైనా, సైటు బతికేదీ చచ్చేదీ ఇక్కడే. ఎక్కువ సైట్లలో కనిపించేది ఇలా ఉంటుంది: 'గణితం: లాభనష్టాలు. అభ్యాసం చేయవలెను.' బడికి వచ్చిన పిల్లకు అది గుర్తుచేయడానికి సరిపోతుంది, రాని పిల్లకు అందులో ఏమీ లేదు. దాని బదులు ఇలా రాసి చూడండి:

'8వ తరగతి, గణితం, బుధవారం. ఈ రోజు లాభశాతం మొదలుపెట్టాం. చొక్కా 250 రూపాయలకు కొని 300కు అమ్మితే లాభం 50. లాభశాతం ఎప్పుడూ కొన్నవెల మీదే చూడాలి. 50ని 250తో భాగించి 100తో గుణిస్తే 20 శాతం. క్లాసులో చాలామంది 300తో భాగించారు, అక్కడ జాగ్రత్త. నోట్సులో ఈ ఒక్క లెక్క రాసుకో. అభ్యాసంలో మొదటి రెండు లెక్కలు చెయ్యి. మూడోది వదిలెయ్, వచ్చాక నేను చెప్తాను. వచ్చిన రోజు ఇంటర్వెల్లో ఆ రెండూ చూపిస్తే చాలు.'

ఏం చెప్పారు, ఎక్కడ తప్పు చేస్తారు, ఏది రాసుకోవాలి, ఏది వదిలేయాలి, వచ్చాక ఎవరికి చూపించాలి అన్నవన్నీ ఇందులో వచ్చేశాయి. 'వదిలెయ్' అన్న మాట తప్పకుండా ఉండాలి. నాలుగు రోజులు పడుకుని లేచిన పిల్లకు ఆరు సబ్జెక్టుల బకాయి ఒక్కసారి చూపిస్తే ఐదో రోజు కూడా రాదు, ఆ టెన్షన్ అలాంటిది.

అన్ని సబ్జెక్టులకూ ఇది ఒకేలా కుదరదు. గణితం, ఇంగ్లీషు గ్రామర్ తేలిగ్గా అందుతాయి. సోషల్‌లో మ్యాపు పాయింటింగ్‌కు ఒక ఫోటో చాలు. సైన్సులో చేసి చూపిన ప్రయోగం మాత్రం పోస్టులో రాదు. 'ఇది వచ్చాక ల్యాబులో చేయిస్తాను' అని రాయడమే నిజాయితీ.

భాష గురించి కూడా. మన పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటాయి. ఇంట్లో పిల్లకు సాయం చేసేది అమ్మో, పదో తరగతితో ఆపేసిన అక్కో అయితే పోస్టు తెలుగులో, సబ్జెక్టు మాటలు ఇంగ్లీషులో ఉండటం మంచిది. టైపు చేయడం కష్టమంటే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసుకుంటుంది. ఒత్తులు ఒకటి రెండు తప్పుతాయి, చూసి దిద్దుకోవాలి.

పాత ప్రశ్నపత్రాలు ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. డీటీపీ సెంటరులో అను ఫాంటుతో కొట్టించినదాన్ని కాపీ చేసి సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. పీడీఎఫ్ చేసి పెట్టండి, లేదా యూనికోడ్‌లోకి (ఏ ఫోనులోనైనా సరిగా కనిపించే అక్షరాల్లోకి) మార్చుకోండి. పిల్లల నోట్సు స్కాన్ చేయడానికి కామ్‌స్కానర్ కోసం వెతకొద్దు, 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో అదీ ఉంది. గూగుల్ డ్రైవు యాప్‌లోనే స్కాన్ సదుపాయం ఉంది.

ఎవరు, ఎప్పుడు

ఫోటోలు అప్‌లోడ్ చేసే యాప్‌లు టీచర్ల ఫోన్లలో ఇప్పటికే నిండుగా ఉన్నాయి, ఇది ఇంకొకటి అన్న విసుగు సహజం. అందుకే అన్ని తరగతులతో మొదలుపెట్టకండి. ఐదు తరగతులు, ఆరు సబ్జెక్టులంటే రోజుకు ముప్పై పోస్టులు, ఎవరి వల్లా కాదు. ఒక్క తరగతి తీసుకోండి. పదో తరగతికి ఎలాగూ స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, అందరి కళ్లూ ఉంటాయి కాబట్టి ఎనిమిది గానీ తొమ్మిది గానీ మేలు. క్లాస్ టీచరు సాయంత్రం ఐదుకు లేబుళ్లు సరిగా ఉన్నాయో లేదో చూసి, లింకు గ్రూపులో వేస్తారు. అంతకుమించి ఆయన మీద పని పెట్టకూడదు. పోస్టు వేయని టీచరును స్టాఫ్ మీటింగులో నిలదీసిన బడిలో సైటు నిలబడదు. నలుగురు రాస్తే నాలుగు సబ్జెక్టులతోనే నడపండి.

తుపాను సెలవులప్పుడు మాత్రం సైటు జోలికి వెళ్లకండి. 2021 నవంబరు పెన్నా వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో చూశాంగా. అప్పుడు ఒక పిల్ల రాకపోవడం కాదు, బడే ఉండదు. కరెంటు, సిగ్నల్ లేని ఊళ్లకు హోంవర్కు పంపితే నవ్వులపాలే.

ఏం పెట్టకూడదు

'ఈ రోజు రానివాళ్లు' అని పేర్లు పెట్టడం చాలామందికి మంచి ఆలోచనగా తోస్తుంది. వద్దు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల పేరు పది రోజులు వరసగా కనిపిస్తే ఊరంతటికీ విషయం తెలిసిపోతుంది. బడికి రావడానికి అప్పటికే సిగ్గుపడుతున్న పిల్లకు మనం ఇంకొకటి కలిపినట్టు. పేర్లు, కారణాలు, పిల్లల ఫోటోలు, మార్కుల జాబితాలు, నంబర్లు ఏవీ సైటులో ఉండకూడదు. బ్లాక్‌బోర్డు ఫోటో తీసేటప్పుడు ముందు బెంచీ తలకాయలు పడకుండా చూసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. పాఠం మాత్రమే పెడితే ఆ బాధే లేదు. బ్లాగర్‌లోనూ, గూగుల్ సైట్స్‌లోనూ సెర్చ్‌లో కనిపించకుండా చేసే సెట్టింగు ఉంది, పెట్టుకోండి. కామెంట్లు మూసేయండి.

ఫోను లేని ఇళ్లు

ఏ సైటు పెట్టినా క్లాసుకు కొందరు మిగిలిపోతారు. వాళ్ల కోసం క్లాసులో తలుపు పక్క మేకుకు ఒక అట్ట ఫైలు తగిలించండి. ఆ రోజు పోస్టులను ఏ పిల్లతోనైనా చేత్తో ఒక కాగితం మీద రాయించి అందులో పెట్టించండి. పక్కింటి పిల్ల సాయంత్రం పట్టుకెళ్తుంది. పోస్టు సరిగా రాసి ఉంటే ఈ కాగితానికి వేరే పని ఏమీ పట్టదు. నన్నడిగితే బ్యారన్ సీజనులో సైటుకంటే ఈ ఫైలే ఎక్కువ పని చేస్తుంది.

వలస వెళ్లే పిల్లల సంగతి వేరు. వాళ్ల ప్రయాణం మనకు ముందే తెలుస్తుంది. వెళ్లేలోపు నెలకు సరిపడా 'ఇది తప్పనిసరి, ఇది వదిలెయ్' అన్న రెండు పేజీల కాగితం చేతికివ్వాలి. రాష్ట్రమంతా ప్రభుత్వ పుస్తకాలు ఒకటే కాబట్టి, వెళ్లిన ఊళ్లో బడికి పోగలిగితే పుస్తకాలు తీసుకెళ్లమనండి. మీ దగ్గర సీజనల్ హాస్టల్ నడుస్తుంటే పిల్లను అక్కడ ఉంచమని తల్లిదండ్రులతో మాట్లాడటం అన్నింటికంటే ముందు చేయాల్సిన పని.

అకౌంటు ఎవరి పేరు మీద

ఇది మొదటి రోజే తేల్చాలి. చురుకైన టీచరు తన సొంత జీమెయిల్‌తో సైటు తెరవడం, బదిలీల కౌన్సెలింగులో ఆయన ఇంకో మండలానికి వెళ్లిపోవడం, పాస్‌వర్డ్ ఆయనతోపాటే వెళ్లడం మామూలే. బడి పేరు మీద కొత్త జీమెయిల్ తెరవండి. రికవరీ నంబరుగా హెచ్‌ఎంది, రికవరీ మెయిలుగా సీనియర్ అసిస్టెంటుది పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, బడి బీరువాలో ఉంచండి. హెచ్‌ఎం మారినప్పుడు ఛార్జి అప్పగించే జాబితాలో ఆ కవరునూ చేర్చండి. వెళ్లిపోయిన టీచరు పేరును ఆథర్ల నుంచి తీసేయండి. ఆయన రాసిన పోస్టులు మాత్రం ఉంచుకోండి, వచ్చే ఏడాది అదే పాఠానికి లింకు ఇవ్వడానికి పనికొస్తాయి. సైటు కొన్నాళ్లు ఆపినా ఆ అకౌంటులోకి అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండాలి. రెండేళ్లు ఎవరూ వాడని గూగుల్ అకౌంట్లను కంపెనీ తీసేయవచ్చన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.